ఎత్తైన సామగ్రికి ఎటువంటి ట్రైలరు? – సంఘాలు గమనించవలసిన విషయాలు

బల్క్ కూలరు మంజూరు కాగానే పాలక వర్గం వారు గది, సిమెంటు దిమ్మ, కరెంటు కనెక్షను అన్నీ సిద్ధం చేసుకుంటారు. అది ఏ బండి మీద, ఏ దారిన ఊళ్లోకి వస్తుందన్నది మాత్రం చివరి రోజు దాకా ఎవరికీ పట్టదు. ఒక గ్రామంలో మేము కళ్లారా చూశాము. ట్యాంకుతో వచ్చిన ఎత్తు లారీ ఊరి మొదట్లోనే తీగల కింద ఆగిపోయింది. ఒక కుర్రవాడు వెదురు కర్రతో తీగను ఎత్తబోయాడు. పెద్దలు కేకలు వేసి దింపబట్టి ప్రాణం దక్కింది.

మొదట ఎత్తు లెక్క కట్టుకోవాలి. ట్యాంకును మాత్రమే కొలిస్తే చాలదు. పైన ఉండే కలియబెట్టే మోటారు, కింది కాళ్లు, చెక్క ప్యాకింగు అన్నీ కలపాలి. మొత్తం 2.8 మీటర్లు అయిందనుకుందాం. సుమారు 1.5 మీటర్ల ఎత్తు గల మామూలు ట్రైలరు మీద పెడితే 4.3 మీటర్లు అవుతుంది. 0.9 మీటర్ల లో బెడ్ ట్రైలరు మీద అయితే 3.7 మీటర్లే. బరువు నేలకు దగ్గరగా ఉంటుంది కనుక మలుపుల్లో ఒరిగే భయమూ తగ్గుతుంది.

వీధికి అడ్డంగా పోయే లో టెన్షన్ తీగ నేలకు 5.8 మీటర్ల ఎత్తున ఉండాలి. కాని స్తంభాలు ఒరిగినా, రోడ్డు మీద కొత్తగా కంకర పోసినా ఆ ఎత్తు తగ్గిపోతుంది. అందుచేత ముందురోజే లైన్‌మన్‌ను వెంటబెట్టుకొని దారంతా నడిచి చూడండి. అనుమానం ఉన్నచోట లైను ఆపించవలసినది ఆయనే. కర్రతో తీగను ఎవరూ ముట్టరాదు. కరెంటు రైళ్లు నడిచే గేటు వద్ద పైతీగలో 25,000 వోల్టులు ఉంటాయి. అక్కడి ఎత్తు కమాను కింద పట్టని బండిని దాటించే ప్రయత్నమే వద్దు.

అయితే లో బెడ్ ట్రైలరుకు పైన వచ్చిన లాభం కింద నష్టం కావచ్చు. కాలువ వంతెన మిట్టపైన, ఎత్తైన స్పీడ్ బ్రేకరుపైన దాని పొట్ట నేలకు తగిలి ఇరుక్కుపోతుంది. ముందు వెనుక చక్రాల మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఈ చిక్కు అంత ఎక్కువ. దీనికి తేలికైన పరీక్ష ఉన్నది. ట్రైలరు అడుగుభాగం నేలకు ఎంత ఎత్తున ఉందో అంత పొడవు గల రెండు కర్రలు తీసుకోండి. చక్రాల మధ్య ఎంత దూరమో అంత ఎడంగా, మిట్టకు ఇరువైపులా వాటిని నిలబెట్టి, కొనలకు పురికొస బిగించి కట్టండి. కొస మిట్టకు తగిలితే ఆ దారిన బండి పోదు. తగలకపోయినా నాలుగు వేళ్ల సందు మిగలాలి.

బండి కుదుర్చుకునే ముందు ఇవి కూడా అడగండి: ట్రైలరు ఎంత బరువుకు రిజిస్టరు అయింది? సరుకుతో కలిపి వెడల్పు 2.6 మీటర్లు దాటదు కదా? దారిలో దెబ్బ తగిలితే ఇన్సూరెన్సు ఎవరిది? గొలుసులను ట్యాంకు రేకు మీదుగా బిగించవద్దు, సొట్టపడుతుంది. కాళ్లకు గాని, ఎత్తడానికి ఇచ్చిన కొక్కేలకు గాని బిగించాలి. ఎత్తు తగ్గుతుందని తయారీదారు అనుమతి లేకుండా యంత్రాన్ని పడుకోబెట్టరాదు.

ఒక టేపు, రెండు కర్రలు, ఒక పూట నడక. సభ్యుల పాల డబ్బుతో వచ్చే సామగ్రికి కార్యదర్శులు ఈపాటి శ్రమ తీసుకోవాలని మా మనవి.