చిప్ లేదు, యాప్ లేదు.. పాత టాప్ లోడ్ వాషింగ్ మెషిన్ బట్టలు ఎలా ఉతికేదో తెలుసా?

ఇప్పటి వాషింగ్ మెషిన్‌కి వైఫై ఉంది, యాప్ ఉంది, టచ్ ప్యానెల్ ఉంది. కానీ లోపల బోర్డు పోయిందంటే.. రిపేర్ బిల్లు చూసి కొత్తది కొనుక్కోవడమే నయం అనిపిస్తుంది. మరి ఒక్క చిప్ కూడా లేని రోజుల్లో మెషిన్ తనంతట తానే నీళ్లు నింపుకుని, ఉతికి, జాడించి, పిండి ఎలా ఆగిపోయేది? ఓసారి చూద్దాం.

మొదలైంది ఇలా..

అమెరికాలో 1937లో బెండిక్స్ కంపెనీ ఇళ్ల కోసం ఆటోమేటిక్ మెషిన్ తెచ్చింది. అది ఫ్రంట్ లోడ్. ఊగిపోకుండా దాన్ని నేలకు బోల్టులతో బిగించాల్సి వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947లో జనరల్ ఎలక్ట్రిక్ టాప్ లోడ్ ఆటోమేటిక్ మెషిన్‌ను మార్కెట్లోకి దించింది. ఫ్రిజిడైర్, వర్ల్‌పూల్ కూడా అదే దారి పట్టాయి. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు అమెరికా ఇళ్లలో టాప్ లోడ్‌దే రాజ్యం.

మెదడు అంతా ఆ డయల్‌లోనే..

పైన కనిపించే గుండ్రటి నాబ్ వెనకే అసలు కథంతా ఉంది. అందులో ఓ చిన్న మోటార్ గడియారంలా నెమ్మదిగా తిరుగుతుంది. దాంతోపాటు గాట్లు, ఎత్తుపల్లాలు ఉన్న చక్రాలు తిరుగుతాయి. ఎత్తు తగిలితే ఓ స్విచ్ ఆన్, పల్లం వస్తే ఆఫ్. నీళ్ల వాల్వ్, మోటార్, పంపు.. అన్నీ ఇలాగే వరుసగా నడుస్తాయి. మధ్యమధ్యలో వినిపించే 'టిక్' శబ్దం ఇదే.

నీళ్లు ఎంత నిండాయో ఎలా తెలుస్తుంది? టబ్ అడుగు నుంచి ఓ సన్నటి గొట్టం పైకి వస్తుంది. నీళ్లు పెరిగేకొద్దీ అందులోని గాలి నొక్కుకుపోతుంది. ఆ ఒత్తిడి సరిపడా పెరగగానే స్విచ్ పడి నీళ్లు ఆగిపోతాయి. అంతే, సింపుల్!

సైకిల్స్‌లో తేడా ఏంటంటే..

నార్మల్: టబ్ మధ్యలో రెక్కలున్న స్తంభం ఉంటుంది. దీన్నే అజిటేటర్ అంటారు. ఇది అటూ ఇటూ వేగంగా తిరుగుతూ బట్టల్ని నీళ్లలో తిప్పుతుంది. ఆ తర్వాత నీళ్లు బయటికి పోయి, స్పిన్ అయి, మళ్లీ నీళ్లు నిండి జాడిస్తుంది. చివర్లో ఇంకో స్పిన్.

పర్మనెంట్ ప్రెస్: 1960ల్లో పాలిస్టర్ కలిసిన, ఇస్త్రీ అక్కర్లేని బట్టలు బాగా వచ్చాయి. వేడి నీళ్లలో ఉతికి వెంటనే స్పిన్ చేస్తే ఇవి ముడతలు పడిపోతాయి. అందుకే చాలా మోడళ్లలో స్పిన్‌కి ముందు చల్లటి నీళ్లు కలిపి బట్టల్ని చల్లబరిచేవారు. స్పిన్ కూడా నెమ్మదిగానే.

డెలికేట్: అజిటేటర్ మెల్లగా, తక్కువ సేపు తిరుగుతుంది. పల్చటి బట్టలకు ఇదే.

సడ్స్ సేవర్: ఇదైతే మన అమ్మమ్మల లెక్కే! మొదటి ట్రిప్పు సబ్బు నీళ్లను పారబోయకుండా పక్కనున్న తొట్టెలోకి పంపేది. రెండో ట్రిప్పుకు వాటినే వెనక్కి లాక్కునేది. అందుకే ముందు తెల్లవి, తర్వాత రంగువి వేసేవాళ్లు.

మరి ఎందుకు తగ్గిపోయాయి?

కారణం నీళ్లే. పాత టాప్ లోడ్ ఒక్క ట్రిప్పుకు సుమారు 150 లీటర్లు తాగేసేది. ఇప్పటి ఫ్రంట్ లోడ్‌కి అందులో సగం కూడా పట్టదు. వేడి నీళ్లకు కరెంటో, గ్యాసో అదనం. అమెరికా ప్రభుత్వం 2004లో, మళ్లీ 2007లో నిబంధనలు బిగించడంతో కంపెనీలు డిజైన్ మార్చక తప్పలేదు. అయితే బెల్టో, పంపో, టైమరో పోతే అదొక్కటి మార్చి ఏళ్ల తరబడి నడిపించుకునే వీలు పాత వాటిలో ఉండేది. అందుకే ఇప్పటికీ వాటిని బాగు చేసి దాచుకునే అభిమానులున్నారు.

అమెరికాలో ఉన్నవాళ్లు ఇవి గుర్తుంచుకోండి

మన దగ్గర టాప్ లోడ్‌లలో ఎక్కువగా అడుగున తిరిగే చక్రమే కనిపిస్తుంది. అక్కడి అపార్ట్‌మెంట్ లాండ్రీ రూముల్లో మాత్రం అజిటేటర్ మెషిన్లు ఇంకా కనిపిస్తాయి. కాబట్టి..

* చీర, చున్నీ లాంటివి స్తంభానికి చుట్టొద్దు. మెలికపడి చిరిగిపోతాయి. నెట్ బ్యాగ్‌లో వేసి డెలికేట్ పెట్టడం మంచిది.
* దుప్పట్లు ఒకే పక్కన పడితే స్పిన్‌లో మెషిన్ దడదడలాడుతుంది. ఆపేసి, చుట్టూ సమానంగా సర్దాలి.
* కొన్ని పాత మోడళ్లలో మూత తీసినా టబ్ తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగేదాకా చెయ్యి పెట్టొద్దు. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే ఇంటికి పాత మెషిన్ భారమే. కానీ ఒక చిన్న పార్ట్ పోయినంత మాత్రాన మెషిన్ మొత్తం మూలన పడకూడదన్న లెక్క మాత్రం అప్పటిదే కరెక్ట్. ఈసారి కొత్తది కొనేటప్పుడు నీళ్లు, కరెంటు ఎంత అని అడగడంతో పాటు.. బోర్డు పోతే ఖర్చెంత, పార్టులు ఎన్నేళ్లు దొరుకుతాయి అన్నది కూడా షాపులోనే అడిగేయండి.