బొమ్మ నచ్చిందా? ఇంటికి తెచ్చుకోండి!

చీర నచ్చితే పదిసార్లు తిప్పి చూసి కొనుక్కుంటాం. బొమ్మ నచ్చితే మాత్రం 'భలే ఉందే' అనుకుని ముందుకెళ్లిపోతాం. పెయింటింగులంటే పెద్ద బంగళాల వాళ్లకే అని మనకో భయం! ఉప్పల్, నాచారం వైపు ఉండే ఇల్లాళ్లకు ఆ భయం అక్కర్లేదు. మనసు పడదగ్గ బొమ్మ దగ్గర్లోనే ఉంది. అదే చేర్యాల బొమ్మ.

చేర్యాల సిద్దిపేట జిల్లాలోని ఊరు. అక్కడి నకాషీ బొమ్మలకు జీఐ గుర్తింపు వచ్చింది. ఆ ఊరికి చెందిన ధనాలకోట వైకుంఠం నకాష్ కుటుంబం ఈ కళను ఉప్పల్ పక్కనున్న బోడుప్పల్‌కు తెచ్చింది. ఆయన భార్య వనజ కూడా చేయి తిరిగిన కళాకారిణే. ఉప్పల్ భగాయత్‌లో 2019లో మొదలైన మినీ శిల్పారామానికి వెళ్లినా, ఎక్కడైనా చేతివృత్తుల మేళా జరిగినా ఈ బొమ్మల కోసం ఓ కన్నేసి ఉంచండి.

ఎర్రని నేల మీద కథ

ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, చెట్టు బంక కలిపి పూతలు పూస్తారు. ఆరాక నేరుగా కుంచెతోనే గీతలు గీస్తారు. వెనకంతా ఎరుపు. ఒకప్పుడివి 40 అడుగులు దాటే పటాలు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేల్ పురాణం... కథకులు పటం విప్పుతూ కథ చెప్పేవారు. సినిమాలు, టీవీలు వచ్చాక కథ వినేవాళ్లు తగ్గారు, పటం వేయించేవాళ్లూ తగ్గారు. అందుకే కళాకారులు కథలోంచి ఒక్కో ఘట్టం తీసుకుని మన గోడలకు సరిపోయే చిన్న బొమ్మలు వేయడం మొదలెట్టారు. అంటే, నాడు ఊళ్లు పోషించిన కళను ఇప్పుడు నిలబెట్టేది కొనేవాళ్లే! ఆ ఇళ్లలో పిల్లలు కుంచె పట్టాలా, వేరే పని వెతుక్కోవాలా అన్నది మన చేతుల్లోనూ ఉంది.

కొనేముందు...

* ఒకసారి చూసి ఇంటికి రండి. నాలుగు రోజులైనా కళ్లలో మెదులుతుంటే అది మీ బొమ్మే.
* దగ్గరగా చూడండి. చేత్తో గీసిన గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. సన్నని చుక్కలు కనిపిస్తే అచ్చు వేసిందని అనుమానించండి.
* 'ఇది ఏ కథ?' అని అడగండి. వేసినవాళ్లయితే సంబరంగా చెబుతారు.
* కూరగాయల్లా బేరమాడకండి. డబ్బు చాలకపోతే చిన్న బొమ్మో, రంపపు పొట్టుతో చేసిన మాస్కో తీసుకోండి.

తెచ్చాక...

గుడ్డే కదా అని మడతపెట్టొద్దు, పూత పగులుతుంది. లావుపాటి గొట్టానికి చుట్టి తెచ్చుకోండి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం బొమ్మకు ఆనకుండా చూడమనండి. ఎండ పడే గోడ, చెమ్మ గోడ, పోపు పొగ తగిలే చోటు వద్దు. తడిగుడ్డతో అస్సలు తుడవద్దు. మెత్తని పొడి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు.

'గోడకింత డబ్బా?' అని ఇంట్లో గొణిగితే కంగారుపడకండి. అత్తయ్యగారిని ఆ బొమ్మ ముందు కూర్చోబెట్టి, పిల్లలకు కథ చెప్పమనండి. ఆ తర్వాత దాన్ని గోడ మీంచి తీయనిస్తారేమో చూడండి!