వేవర్లీ నవలయు దాని పాఠకుల యభిప్రాయములును

ఒక గ్రంథము వెలువడినప్పుడు దానిని మొదట జదివినవారు పలికిన మాటలు సాధారణముగా గాలిలో గలిసిపోవును. వ్యాఖ్యాతల వాక్యములు నిలుచును గాని తొలిపాఠకుల వాక్యములు నిలువవు. ఆంధ్రప్రబంధములను రాజసభలలో మొదట వినినవా రేమనుకొనిరో తెలిసికొనుటకు సాధనములు మిక్కిలి తక్కువ. ఆంగ్లవాఙ్మయమున నీ విషయమందు గొంత సౌకర్యము గలదు. ఉత్తరములు, దినచర్యలు, త్రైమాసపత్రికల విమర్శలు భద్రపఱుపబడి యుండుటచేత నొక్కొక గ్రంథమునుగూర్చి యాకాలపు సహృదయు లేమనిరో, వారి తరువాతివా రేమనిరో వరుసగా బరిశీలింప వీలగుచున్నది. అట్టి పరిశీలనమునకు సర్ వాల్టర్ స్కాటు రచించిన వేవర్లీ యను నవల మిక్కిలి తగినది. చారిత్రకనవల యను ప్రక్రియకు యూరపుఖండమున విశేషవ్యాప్తి గలిగించిన గ్రంథ మిదియే. చరిత్రమును గల్పనమును గలుపవచ్చునా యను ప్రశ్న దీనిపాఠకులనడుమనే గట్టిగా బుట్టినది.

స్కాటు 1771 వ సంవత్సరమున ఎడింబరోలో జన్మించి 1832 లో మృతినొందెను. ఆతడు మొదట గథాకావ్యములచే బ్రసిద్ధికెక్కినవాడు. వేవర్లీని 1805 ప్రాంతమున నారంభించి, కొన్ని ప్రకరణములు వ్రాసి విడిచితిననియు, పిమ్మట నొకనాడు చేపలుపట్టు పరికరములకై పాతబల్లలో వెదకుచుండగా నావ్రాతప్రతి చేతికి దగిలెననియు నాతడే 1829 నాటి పీఠికలో జెప్పియున్నాడు. గ్రంథము 1814 జూలై 7 వ తేదీన ఎడింబరోలో మూడు సంపుటములుగా వెలువడెను. దానిపై గ్రంథకర్త పేరు లేదు. మొదట నచ్చయినవి వేయి ప్రతులు. అవి కొలదివారములలో జెల్లిపోగా నాసంవత్సరమే పునర్ముద్రణములు గావలసివచ్చెను.

కథ 1745 నాటిది. స్టూఅర్టు రాజవంశీయుడగు చార్లెస్ ఎడ్వర్డు పోయిన సింహాసనమును మరల సంపాదింప స్కాట్లండున దిగి, ఉత్తరపు గొండసీమల తెగలను గూర్చుకొని ప్రెస్టన్‌పాన్స్ కడ జయించి, 1746 ఏప్రిల్ 16 వ తేదీన కల్లోడెన్ యుద్ధమున నోడిపోయెను. ఎడ్వర్డు వేవర్లీ యను నాంగ్లయువకుడు రాజసైన్యమున నధికారియై స్కాట్లండునకు బోయి, బ్రాడ్వార్డీన్ బారను నింట నతిథిగా నుండి, కొండతెగ నాయకుడగు ఫెర్గస్ మెకైవరు స్నేహమునకును, వాని చెల్లెలు ఫ్లోరా సౌందర్యమునకును లోబడి తిరుగుబాటుదారుల పక్షమున జేరును. తుదకు ఫెర్గస్ కార్లైలు పట్టణమున మరణదండన మొందును. ఫ్లోరా పారిసులోని సన్యాసినీమఠము చేరును. వేవర్లీ క్షమింపబడి బారను కూతురగు రోజును వివాహమాడును. గ్రంథమునకు గల యుపనామము అఱువదియేండ్లక్రిందటి కథ యని తెలుపుచున్నది. ఆనాటి పోరాటమును గన్నులార జూచినవారు కొందఱు స్కాటు బాల్యమున సజీవులై యుండిరి. వారి నోట వినిన కథలే నవలకు మూలధనము.

తొలిపాఠకులను మొదట నాకర్షించినది కర్తృనిర్ణయము. జేన్ ఆస్టెను 1814 సెప్టెంబరు 28 వ తేదీన దన యన్నకూతురునకు వ్రాసిన యుత్తరమున నీనవల స్కాటుదే యని నిశ్చయించుకొని, కవిగా గీర్తియు ధనమును గడించినవాడు నవలలుకూడ వ్రాసి యితరుల యన్నము దీయుట న్యాయము గాదని పరిహాసమాడెను. ఆగ్రంథము దనకు నచ్చకుండిన బాగుండునుగాని నచ్చక తప్పదేమో యని భయమును వెలిబుచ్చెను. నవలారచనయే వృత్తిగా గల విదుషి యొకతె తన ప్రతిస్పర్ధిని నవ్వుచు నంగీకరించిన మాట యిది. స్కాటు మాత్రము 1827 ఫిబ్రవరిలో ఎడింబరోనందు జరిగిన యొక విందుసభవఱకు దాను కర్తనని బహిరంగముగా నొప్పుకొనలేదు.

ఐర్లండునందలి మేరియా ఎడ్జివర్తు అభిప్రాయ మింతకంటె విపులమైనది. ఆమె కుటుంబమువా రెల్లరు గూర్చుండి గ్రంథమును బైకి జదివించుకొని వినిరి. కథయు బాత్రములును నిజమే యన్నంత నమ్మకము కలిగినందున, నడుమనడుమ గ్రంథకర్త పాఠకునితో స్వయముగా మాటలాడుట దమకు సహింపరానిదయ్యెనని యామె 1814 అక్టోబరులో నజ్ఞాతకర్తకే యుత్తరము వ్రాసెను. తుదివాక్యము ముగిసినప్పు డందఱును గథారసమున మునిగియుండి, పిమ్మటనున్న యుపసంహారమును జదువ నిష్టపడరైరి. తరువాత జదివినప్పు డందు ఎడ్జివర్తు రచించిన ఐరిష్ జనచిత్రములే తనకు మార్గదర్శకములని కర్త చెప్పిన ప్రశంస గానబడెను. వినువారి తన్మయత్వ మెంతటిదో తెలుపుట కీయుదంతము చాలును.

త్రైమాసపత్రికలలో ఎడింబరో రివ్యూ యందు ఫ్రాన్సిస్ జెఫ్రీ 1814 నవంబరులో విమర్శించెను. గ్రంథవిజయమునకు గారణము ప్రకృతిసత్యమే యనియు, కర్త తాను జూచినదానిని వ్రాసినాడనియు నాతడు చెప్పెను. ఆంగ్లభూమిలో నాయకుని బాల్యమును వర్ణించిన మొదటిభాగమును, చిక్కుముళ్లను విప్పుటకై చేసిన దీర్ఘవివరణములను, కర్త స్వయముగా బలికిన భాగములను దోషములుగా నెన్నెను. కర్త నిజముగా గ్రొత్తవాడే యైనచో స్కాటు తన కీర్తినిగూర్చి జాగరూకుడై యుండవలెనని చమత్కరించెను. ఎడ్జివర్తు తన యింట గూర్చుండి చెప్పిన యాక్షేపణమును, జెఫ్రీ పత్రికలో జెప్పిన యాక్షేపణమును కర్తృభాషణవిషయమున నేకీభవించుట గమనింపదగినది. ఒకరి మాట యొకరు వినక యిరువు రొకదోషమునే చూపినప్పు డది వ్యక్తిరుచిమాత్రము గాక గ్రంథమునందే యున్న దోష మనుటకు బలము గలుగుచున్నది.

నాయకపాత్రనుగూర్చిన యభిప్రాయ మింతకంటె విచిత్రముగా మాఱినది. వేవర్లీ ధీరోదాత్తుడు గాడు. ఎవ రెటు లాగిన నటు పోవువాడు. ఈదుర్బలత్వమును స్కాటే తన స్నేహితుడగు మోరిట్టునకు వ్రాసిన యుత్తరమున నిందించుకొనెను. ఫ్లోరాను వివాహమాడియుండినచో నామె యాతనిని బొమ్మవలె నలంకారముగా నిలిపియుండు నను భావమున హాస్యముకూడ జేసెను. లక్షణగ్రంథములయందలి నాయకలక్షణములతో గొలిచిన నీనవలలో నాయకుడు ఫెర్గసే కావలయును. కాని హంగరీదేశపు విమర్శకుడగు జార్జి లుకాచు 1937 నాటి తన గ్రంథమున నీదోషమునే గుణముగా నిరూపించెను. రెండు సమాజములు పోరాడునప్పు డేపక్షమునకును బూర్తిగా జెందని మధ్యముడే యిరుపక్షములలోనికిని బాఠకుని దీసికొనిపోగలడనియు, మహావీరుడు నాయకుడైనచో జరిత్ర మంతయు నాతని స్తుతిగా బరిణమించుననియు నాతని వాదము. కోలరిజ్ కవి 1820 లో వ్రాసిన యుత్తరమున నీవాదమునకు బీజము గలదు. ప్రాచీనముపై భక్తియు, నూతనముపై నాసక్తియు మానవసమాజమున నిత్యము పోరాడు రెండు శక్తులనియు, స్కాటు నవలల యాకర్షణకు నీపోరాటమే మూలమనియు నాతడు గ్రహించెను.

ఇక బ్రధానమైన వివాదము చరిత్రసత్యమునుగూర్చినది. క్వార్టర్లీ రివ్యూలో జాన్ విల్సన్ క్రోకరు గ్రంథమును మెచ్చుకొనుచునే, నిజమైన వ్యక్తులను గల్పితవ్యక్తులతోను, జరిగిన సంగతులను జరుగనివానితోను గలిపినయెడల బాఠకుని చరిత్రజ్ఞానము కలుషిత మగుననియు, ఇంతటి నేర్పుగల కర్త యాకాలపు జరిత్రమునే వ్రాసియుండిన మేలుగా నుండెడిదనియు జెప్పెను. ఈమాట తెలుగుపండితుల కొక ప్రాచీనవిచారమును జ్ఞప్తికి దెచ్చును. ఇతివృత్తము ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము నని త్రివిధమని లాక్షణికులు విభజించిరి. వానిలో బూర్వవృత్తమును గవికల్పనచే సానబెట్టిన మిశ్రకథయే శ్రేష్ఠమని రామరాజభూషణుడు వసుచరిత్రావతారికయందు రత్నోపమానముతో నిర్ణయించెను. క్రోకరు దూషించినదియు రామరాజభూషణుడు కొనియాడినదియు మిశ్రమే. అయిన నొక భేదము గలదు. వసుచరిత్రమందలి పూర్వవృత్తము పురాణగతము. దానికి గల్పన చేర్చిన నొకరి తాతతండ్రుల కపకీర్తి రాదు. 1745 నాటి వృత్తము సజీవస్మృతి. ఆపోరాటమున నోడిన తెగల వేషమును గూడ 1746 నాటి శాసనము నిషేధించెను. ఆనిషేధము 1782 వఱకు దొలగలేదు. కావున నిచట గల్పన చేయువాడు సత్యమునకేగాక బ్రదికియున్న కుటుంబములకును బాధ్యుడు.

ఈబాధ్యత యెంతటిదో 1816 డిసెంబరులో వెలువడిన ఓల్డ్ మోర్టాలిటీ యను స్కాటు నవల తెలియజేసినది. అందు 1679 నాటి మతకలహమును, రాజశాసనమునకు లొంగక ప్రాణములర్పించిన కవెనెంటరులను మతస్థులను వర్ణించినాడు. వారిని బుణ్యపురుషులుగా దలచు స్కాటిష్ పాఠకులు మిక్కిలి నొచ్చుకొనిరి. జాన్ నాక్సు జీవితచరిత్రకారుడగు థామస్ మెక్రీ 1817 లో నొక క్రైస్తవపత్రికయందు దీర్ఘవిమర్శ ప్రకటించి, భక్తులను వెఱ్ఱివారినిగాను, వారిని హింసించిన సేనాని క్లేవర్‌హౌసును మర్యాదాపురుషునిగాను జూపుట చరిత్రవిరుద్ధమని సప్రమాణముగా వాదించెను. స్కాటు ప్రత్యుత్తరము విపరీతమైనది. తన గ్రంథమును దానే పేరులేకుండ క్వార్టర్లీ రివ్యూలో విమర్శించి సమర్థించుకొనెను. జేమ్సు హాగు 1818 లోను, జాన్ గాల్టు 1823 లోను ఆభక్తుల పక్షమున వేఱునవలలు రచించిరి. పాఠకాభిప్రాయము నవలకు బ్రతినవలయై పుట్టుటకు నిది చక్కని నిదర్శనము.

కల్పన చరిత్రమునకు హాని చేయునో మేలు చేయునో యను సందేహమునకు నిరువురు చరిత్రకారులు చెఱియొక యుత్తరము నిచ్చిరి. ఫ్రాన్సుదేశపు ఆగస్టిన్ థియెరీ ఐవాన్హో నవలను జదివి యుత్సాహము నొంది, నార్మనుల యింగ్లండువిజయమును జరిత్రగ్రంథముగా 1825 లో బ్రకటించెను. జర్మనీదేశపు రాంకే మాత్రము క్వెంటిన్ డర్వార్డు నవలను ఫ్రెంచిచరిత్రకారుడగు కొమీనుని మూలగ్రంథముతో బోల్చిచూచి, నవలలోని వైరుద్ధ్యములకు నొచ్చుకొని, సత్యమే కల్పనకంటె సుందరమని నిశ్చయించి, మూలపత్రముల బరిశీలించు మార్గమునకు మఱింత గట్టుబడెను. ఒకరిని నవల చరిత్రమునకు బిలిచినది. మఱియొకరిని నవలనుండి చరిత్రమునకు దఱిమినది. రెంటియందును ఫలము చరిత్రపరిశోధనమే. కార్లైలు 1838 లో జేసిన విమర్శయందు స్కాటు పాత్రములకు లోతు లేదని నిష్ఠురముగా జెప్పియు, గతకాలమున నుండినవారు పత్రములును వాదములును గాక రక్తమాంసములుగల మనుష్యులని చరిత్రకారులకు నేర్పినవా డాతడే యని యంగీకరించెను.

స్కాటు ప్రభావము భారతదేశమునకును వచ్చినది. బంకించంద్రుని దుర్గేశనందిని 1865 లో వెలువడినప్పుడు దానిని ఐవాన్హోతో బోల్చినవారు కలరు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారికి ఆంధ్రస్కాటు అను బిరుదము రూఢమైనది. ఇట్టి బిరుదములును బాఠకాభిప్రాయములే. ఒక భాషయందలి పాఠకులు తాము మెచ్చిన రచయితను గొలుచుట కేకొలబద్ద దీసికొనిరో యవి చెప్పును. వానిని బొగడ్తగా మాత్రమే గ్రహించి, ఆకొలబద్దపైననే యింత వివాదము జరిగినదని మఱచిన నాబిరుదార్థము సగమే తెలియును.

పైయభిప్రాయములను గలిపి చూచిన మూడు సంగతులు తేలుచున్నవి. రచనాదోషములవిషయమున వేర్వేఱుచోట్ల నున్న పాఠకులు తఱచుగా నేకీభవింతురు. పాత్రవిషయమున నభిప్రాయము కాలముతో మాఱును. ఒకతరము దోషమన్నదానిని మఱియొకతరము గుణమనును. చరిత్రసత్యవిషయమున నభిప్రాయము పాఠకుడు నిలిచిన చోటునుబట్టి యుండును; ఎవని పూర్వులు కథయం దున్నారో వాడే గట్టిగా మాటలాడును. మెక్రీ కోపమును సంకుచితత్వమని త్రోసివేయరాదు. ఆతని పూర్వపక్షము లేకున్న నవలలోని చిత్రమే చరిత్రమని స్కాట్లండు బాలురు నమ్మియుందురు.

పాఠశాలలలో జారిత్రకనవలను బోధించు పండితుల కిందు నుపయోగ మున్నది. వేవర్లీ ప్రెస్టన్‌పాన్స్ యుద్ధమున కర్నల్ టాల్బటును రక్షించుటయు, నాయుపకారమునకు బ్రతిగా నాతడు వేవర్లీకి క్షమాపణ సంపాదించుటయు గథలోని ముఖ్యఘట్టములు. ఇన్వర్‌నాహైల్ స్టూఅర్టు, కర్నల్ వైట్‌ఫర్డు అను నిరువురు నిజపురుషులనడుమ జరిగిన యుపకారప్రత్యుపకారములే దీనికి మూలమని స్కాటు తానే తెలిపియున్నాడు. జరిగినది యింత, కల్పితము ఇంత యని యిట్లు విద్యార్థిచేతనే వేఱుచేయించినయెడల క్రోకరు భయపడిన కాలుష్యము కలుగదు, ఎడ్జివర్తు కుటుంబ మనుభవించిన రసమును జెడదు. నవలను జదివినవానికి మూలచరిత్రమును గూడ జదువవలె నను కోరిక పుట్టినచో రాంకే వెళ్లిన త్రోవయే వానికిని దొరకును.