డీజిలు ట్యాంకు మూత తాళపుచెవి పోయినప్పుడు



ఉభాల దినములలో గడియ యెంత విలువగలదో మన నాగావళి, వంశధార ప్రాంతముల కృషీవలునకు వేరుగ చెప్పనక్కరలేదు. గెడ్డనీరు వచ్చినప్పుడే దమ్ము పట్టవలెను. ఆకుమడి ముదురకమునుపే నాట్లు ముగియవలెను. అట్టి యొక దినమున, పొద్దు బారెడెక్కువేళకు, మా ట్రాక్టరు మడిలో నిలిచిపోయినది. డీజిలు అడుగంటినది. నింపుటకు డబ్బాతో డీజిలు గట్టుపై సిద్ధముగనే యున్నది; ట్యాంకు మూత తాళపుచెవి మాత్రము కానరాదు. నాటుటకు వచ్చిన ఆడకూలీలు గట్టున కూర్చుండిరి.

నేనప్పుడు రెండు తప్పులు చేసితిని. ట్రాక్టరు నడుపు కుఱ్ఱవానిని నలుగురిలో గద్దించుట మొదటిది. సుత్తి, ఉలి తెమ్మనుట రెండవది. పొరుగుమడి పెద్దరైతు ఒకరు వచ్చి నా చేయి పట్టుకొని, “బాబూ, మూత వందలది, లోపలి పంపు వేలది. ఏది పగులగొట్టుచున్నావో చూచుకో” అనెను. ఆ మాట విననిచో నాకెంత నష్టము కలిగియుండునో తరువాత తెలిసినది. అట్టి యాపద మీకు వచ్చినపుడు చేయదగినదియు, చేయరానిదియు ఇక్కడ వ్రాయుచున్నాను.

రాత్రివేళ కళ్లములందును, సాలలందును నిలిపిన బండ్లనుండి డీజిలు దొంగిలించువారుందురు గనుక మూతకు తాళము పెట్టుట మంచిదే. కొన్ని బండ్లకు ఇంజను తాళపుచెవియే మూతకును సరిపోవును. బజారున కొని పెట్టించుకొన్న మూతలకు వేరు తాళపుచెవి యుండును; అదియే తరచుగ పోవునది. సాధారణముగ ఈ తాళములో సన్నని ఇత్తడి రేకులు చిన్న స్ప్రింగులమీద నిలిచియుండును. తగిన చెవి దూరినపుడు రేకులన్నియు సమముగ నిలిచి తాళము తిరుగును. దుమ్ము, చెమ్మ చేరినచో రేకులు పట్టుకొనును. కావున చెవి యుండియు తిరుగనపుడు బలిమి చేయరాదు. విరిగిన ముక్క లోపల చిక్కుకొనును. పెన్సిలులోని నల్లసీసమును మెత్తగ నూరి ఆ పొడిని రంధ్రములో వేసి, చెవిని మెల్లగ ఆడించిన చాలును. వంటనూనె, గ్రీజు వేసినచో దుమ్ము మరింత పట్టును.

చెవి పోయెనని తోచగానే ఇంజను ఆపి, ఎవరెవరి చేతికి ఎప్పుడు వచ్చినదో నెమ్మదిగ విచారించి వెదకవలెను. కొన్ననాడు రెండు చెవులిచ్చియుందురు. రెండవది ఇంట నున్నదేమో చూడవలెను. అదియును లేనిచో తాళపు ముఖముమీద గాని, కొన్ననాటి బిళ్లమీద గాని అంకె యుండునేమో చూడుడు. అంకె యున్నచో ఆ కంపెనీ బండ్లమ్ము దుకాణమువారు దానికి సరియగు చెవి తెప్పించి యిచ్చుట కలదు. బండి రిజిస్ట్రేషను కాగితము వెంట తీసికొనిపోవలెను. అదియు కుదరనిచో తాళములు బాగుచేయువానిని బండియొద్దకే పిలిపింపవలెను. పనివాడు సన్నని కమ్ములతో రేకులను సరిచేసి మూత చెడకుండ తీయగలడు. బండి మీదేయని అతడు ఋజువడిగినచో కోపింపకుడు, అడుగువాడే నమ్మదగినవాడు.

మూతను తొలిచి గాని, ఉలితో కొట్టి గాని తీయుట ఎందుకు కూడదు? మొదటి భయము అగ్ని. పెట్రోలు ఆవిరి సున్నకు 40 డిగ్రీలు దిగువనుండు చలిలోను అంటుకొనును. డీజిలు అంత సులభముగ అంటుకొనదు. 35 డిగ్రీలకు లోబడి అంటుకొను ఆవిరి నీయరాదని మన దేశపు ప్రమాణము. అయితే మన వేసవి యెండయు, నడచిన ఇంజను వేడియు ఆ మేరను సులభముగ దాటును. ఖాళీ ట్యాంకు భద్రమనుకొనుట మరింత పొరపాటు; అందు ఆవిరియే నిండియుండును. కావున చుట్టయైనను, బీడీయైనను, మన యాడువారు త్రాగు అడ్డపొగయైనను దాని దరికి రారాదు.

రెండవ భయము ఇనుపరజను. పంపులోని కడ్డీకిని దాని గొట్టమునకును నడుమ సందు మిల్లీమీటరులో వెయ్యవ వంతులు రెండో మూడో మాత్రమే. తలవెంట్రుక దానికి పదిరెట్లకు మించి లావుండును. తొలిచినపుడు రాలిన పొడి ట్యాంకులో పడినచో ఫిల్టరును త్వరగ పూడ్చివేయును. దానిని దాటిన రజను పంపును, నాజిలును గీచి పాడుచేయును. మూత తీయుటకు వేరు దారి లేదని తేలినచో ట్యాంకును విప్పించి, పని తెలిసిన మెకానిక్కు చేతనే తీయించి, లోపల కడిగించి మరల బిగింపవలెను.

మూత పోయినపిదప గోనెపీలిక గాని, ప్లాస్టికు సంచి గాని నోటికి కట్టి వారములకొలది నడుపువారు కలరు. పీలికగుండ వాననీరు, దుమ్ము దిగును. నీటివలన నాజిలు త్రుప్పుపట్టును. సంచి గట్టిగ బిగించినచో గాలి లోపలికి పోక ఇంజను ఆగిపోవును. మూతకు గాలి పోవు చిన్న దారి యుంచుట అందులకే. కావున ఆలసింపక క్రొత్త మూత కొనవలెను.

మా పని ఆ దినము నిలువలేదు. బజారునుండి వచ్చిన మెకానిక్కు శుభ్రమైన డబ్బాను ట్యాంకు ఎత్తున కదలకుండ కట్టి, ట్యాంకునుండి పంపునకు వచ్చు గొట్టమును విప్పి, డబ్బాలోని డీజిలును దానికి అందించెను. పిదప ఫిల్టరుపై మరను వదులుచేసి, చేతిపంపు కొట్టి, బుడగలు పోవువరకు గాలి తీసెను. మధ్యాహ్నమునకు దమ్ము సాగినది. ఇది డీజిలు బండికి, తెలిసినవాని చేతిమీద, ఆ పూటకు మాత్రమే తగిన ఉపాయము. పెట్రోలు బండికి ఎన్నడును చేయరాదు.

ఇక ముందుజాగ్రత్త. చెవిని కొన్ననాడే రెండవదానిని వేరుచోట దాచుడు. అంకెను ఇంటి లెక్కపుస్తకములో వ్రాసికొనుడు. సెల్‌ఫోనులో ఛాయ తీసి యుంచుకొనుడు. మడిలో దిగువారు చెవిని మొలత్రాటికి కట్టుకొనక, రంగుగుడ్డ పీలిక కట్టి బండియొద్ద నియమితస్థలమున ఉంచవలెను. బురదలో పడినది దొరకుట కష్టము. సంఘమువారి అద్దె ట్రాక్టరు లున్నచోట్ల రెండవ చెవి మొహరు వేసిన కవరులో కార్యదర్శియొద్ద నుండి, పుచ్చుకొనినవారు పుస్తకములో సంతకము చేయు పద్ధతి యుండుట మేలు. అట్లయిన ఎవరిని ఎవరును శంకింప నక్కరలేదు.

ఆ సాయంకాలము చొక్కా విప్పునపుడు, సంఘములో ఎరువుల బాకీ కట్టిన రసీదుతోపాటు తాళపుచెవి నా జేబులోనే దొరికినది. మరునాడు నలుగురు చేరిన ఆ గట్టుమీదనే కుఱ్ఱవానితో నా తప్పు ఒప్పుకొంటిని. అతడు నవ్వి ఊరకున్నాడు. పోయిన చెవికి మారుచెవి దొరకును. తొందరపడి పోగొట్టుకొన్న నమ్మకము నకు మారు దొరకుట కష్టము. కావున ముందు జేబులు చూచుకొని, తరువాత మనుష్యులను అడుగుడు.