పాత రిఫ్రిజిరేటరుతో పొగపెట్టె

ఒకరికి పొగపెట్టుట యనగా వారిని ఇంటినుండి సాగనంపుట యని మన వాడుక. మేము ఇచ్చట చెప్పబోవు పొగ అట్టిది కాదు. చేపకును మాంసమునకును రుచిని, రంగును, కొంత నిలువను ఇచ్చు పొగ ఇది. 'కొంత' అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దానికడకు మరల వత్తుము.

వంటపొయ్యికి పైనున్న అటకనుండి విత్తనపు మొక్కజొన్న కండెలను వ్రేలాడదీయుట మన పల్లెలలో పాత అలవాటు. పొగ సోకిన కండెను పురుగు అంత తేలికగా ముట్టదు. లక్షద్వీపములవారు సూర చేపను ఉడికించి, పొగపెట్టి, ఎండబెట్టి నిలువచేయుదురు. అమెరికాలోనైతే కొందరు గృహస్థులు ఈ పనికి చెడిపోయిన రిఫ్రిజిరేటరును వాడుట మరిగిరి. కారణము స్పష్టమే. లోపలి చలిని కాపాడుటకు కట్టిన గోడ లోపలి వేడిమిని కూడ కాపాడును. అరలున్నవి, తలుపున్నది. పొగను లోనికి తెచ్చుటయు, బయటకు పోనిచ్చుటయు మాత్రమే మిగిలిన పని.

అయితే ప్రతి పాత ఫ్రిజ్జియు దీనికి తగదు. 1950 ప్రాంతమున వచ్చిన పెట్టెలలో చాలవానికి లోపలకూడ పింగాణిపూత వేసిన ఉక్కురేకే ఉండెడిది. గోడల నడుమ గాజుదూది వంటిదానిని కూరెడివారు. తరువాత వచ్చినవానికి లోపలి తొడుగు ప్లాస్టిక్కు, గోడల నడుమ నిండినది పాలియూరిథేన్ నురుగు. ప్లాస్టిక్కు వేడికి మెత్తబడును, మరింత కాగినచో విషవాయువులను వెడలగ్రక్కును. నేడు పాతసామానువారి కడ దొరకునవి చాలవరకు ఈ రెండవ రకమువే. ఎంత చవుకగా వచ్చినను వానిని తీసికొనవలదు. అంతకంటె వంటనూనె వచ్చిన ఇనుప పీపా మేలు.

తగిన పెట్టె దొరకినచో తొందరపడి గొట్టములను కోయరాదు. వానిలో ఓజోను పొరకు చెరుపు చేయు ఫ్రియాన్ వాయువైనను, నిప్పంటుకొను మరియొకటియైనను ఉండవచ్చును. పనివచ్చిన మెకానిక్కు చేత దానిని తీయింపవలెను. ఇక తలుపు. పూర్వపు పెట్టెలకు బయటినుండి మాత్రమే తీయుటకు వీలైన గొళ్లెము ఉండెడిది. ఆడుకొనుచు లోన దూరిన పిల్లలు ఊపిరాడక మరణించుట పలుమారులు జరుగగా, అమెరికా ప్రభుత్వము 1956లో ఒక శాసనము చేసినది. దానిచేత 1958 చివరినుండి లోపలినుండి నెట్టినను తెరచుకొను తలుపులనే అమర్చవలసివచ్చెను. కావున పెట్టె ఇల్లు చేరిన దినముననే గొళ్లెమును ఊడదీయుడు. తలుపు నిలుచుటకు ఒక చిన్న అయస్కాంతము చాలును.

నిప్పును పెట్టెలోనే ఉంచువారు కలరు. మేము దానిని మెచ్చము. క్రొవ్వు నిప్పుపై కారి మంట లేచును, వేడిమి చేతిలో నిలువదు. రెండు మూడు బారల ఎడమున, కొంచెము పల్లములో, ఇటుకలతో చిన్నపొయ్యి కట్టి, ఇనుప గొట్టముతో పొగను పెట్టె అడుగునకు తేవలెను. జస్తాపూత గొట్టము పనికిరాదు. పాత తీగ అరలకు కాడ్మియము పూత ఉండుట కలదు, గనుక వానిని తీసివేసి స్టెయిన్‌లెస్ స్టీలు వలలు అమర్చవలెను. పైకప్పున అరచేతి వెడల్పు రంధ్రము చేసి దానికి జరుగుమూత పెట్టుడు. ఆ మూతను ఎన్నడును పూర్తిగా మూయరాదు. పొగ లోపల నిలిచినచో తారు పట్టి ఆహారము చేదెక్కును. పలుచని నీలిపొగ మంచిది, దట్టమైన తెల్లపొగ చెడ్డది. ఈ పని యంతయు ఆరుబయటనే జరుగవలెను. వరండాలోనైనను కార్బన్ మోనాక్సైడు ప్రాణములకు ముప్పే.

మామిడి, జామ, తుమ్మ కట్టెలును, కొబ్బరిపీచును మంచి పొగ నిచ్చును. వేప చేదు. గన్నేరు విషము, దాని పుల్లయైనను పొయ్యి దరికి రారాదు. రంగువేసిన చెక్కయు, ప్లైవుడ్డును అట్టివే.

ఇక 'కొంత' అను మాట. పొగలోని ఫినాల్ జాతి పదార్థములు, ఆమ్లములు క్రిములను అణచునుగాని, అవి పైపొరలోనే ఆగిపోవును. లోతునకు పోయి కాపాడునవి ఉప్పు, వేడిమి, తడి ఆరుట. 1963లో అమెరికా మహాసరస్సుల పొగచేపను గాలి తీసిన ప్లాస్టిక్కు సంచులలో దూరపు ఊళ్లకు పంపగా, తిన్నవారికి బాట్యులిజము అను విషవ్యాధి సోకి కొందరు మరణించిరి. ఆ క్రిమి గాలి లేని చోటనే పెరుగును. చేపలలో నుండు రకము ఫ్రిజ్జిలోని చలికి కూడ పూర్తిగా లొంగదు. చేప చూచుటకు బాగుగనే ఉండును, వాసనయు చెడదు.

అందుచేత ఏడుపాళ్ల నీటికి ఒక పాలు ఉప్పు కలిపి, పలుచగా కోసిన చేపముక్కలను గంటసేపు నాననిండు. పిదప కడిగి, పైన మెరుపుతో జిగట పొర ఏర్పడువరకు చల్లనిచోట గాలికి ఆరనీయవలెను. తడిచేపకు పొగ సరిగా పట్టదు. తలుపుమీది ఉష్ణమాపకమును నమ్మరాదు. ముక్క నడుమ గ్రుచ్చి చూడగా 66 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి అరగంటకు తగ్గక నిలువవలెను. కోడిమాంసమునకు 74 డిగ్రీలు కావలెను. 30 డిగ్రీలకు లోపల చేయు చల్లపొగ పద్ధతిని మాత్రము మన ఎండలలో తలపెట్టకుడు. మన మధ్యాహ్నపు నీడయే అంతకంటె వేడి.

పొగపెట్టిన చేపను కాగితములో చుట్టి ఫ్రిజ్జిలో ఉంచి, మూడు నాలుగు దినములలో తినివేయవలెను. క్రొత్తపెట్టెను మొదట రెండుమారులు ఖాళీగా కాల్చుడు. మూడవమారు ఎండుమిరపకాయలకో, కల్లుప్పునకో పొగపెట్టి చూడుడు. పొగ పాలు ఎంతయో అందులోనే తెలియును. మాంసము ముట్టని ఇండ్లవారికి ఆ మిరపకాయల పచ్చడి కొరకైనను ఈ శ్రమ గిట్టుబాటగును.