వైఫై గుర్తు ఉంది, నెట్ మాత్రం రావట్లేదు! లోపం ఎక్కడుందో ముందు తెలుసుకోండి

విజయవాడ: ఫోన్ పైన వైఫై గుర్తు నిండుగానే కనిపిస్తుంది, కానీ పక్కన చిన్న ఆశ్చర్యార్థకం ఉంటుంది. వాట్సాప్‌లో పంపిన మెసేజ్ గడియారం బొమ్మ దగ్గరే ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే 'కనెక్టెడ్, నో ఇంటర్నెట్' అని రాసి ఉంటుంది. బెజవాడ వన్‌టౌన్ నుంచి మచిలీపట్నం దాకా ఇంటింటా కనిపించే ఇబ్బందే ఇది. హజ్ దరఖాస్తుకు చివరి రోజునో, పిల్లల ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టే రోజునో వచ్చిందంటే ఇంట్లో అందరికీ కంగారే.

ఆ కంగారులో చాలామంది మూడు పనులు చేస్తారు. రూటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ కొడతారు. ఫోన్ మొత్తాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తారు. లేదంటే గూగుల్‌లో వెతికి, మొదట కనిపించిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేస్తారు. మొదటి పనితో చిన్న లోపం పెద్దదవుతుంది. రెండోదానితో ఫొటోలు పోతాయి. మూడోదానితో బ్యాంకు ఖాతాయే ఖాళీ కావచ్చు. ఈ మూడూ అక్కర్లేదు. లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి చాలాసార్లు పది నిమిషాలు చాలు.

వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు

వైఫై అంటే ఫోన్‌కూ, ఇంట్లో ఉన్న రూటర్‌కూ మధ్య ఉండే చిన్న దారి మాత్రమే. రూటర్ నుంచి కేబుల్ వాళ్ల ఆఫీసుకు, అక్కడి నుంచి బయటి ప్రపంచానికి వెళ్లేది వేరే దారి. కుళాయి తిరుగుతోందంటే ట్యాంకులో నీళ్లున్నట్టు కాదు కదా! గుర్తు నిండుగా ఉందంటే కుళాయి దాకా అంతా బాగున్నట్టే. నీళ్లు ఎక్కడ ఆగాయో వెతకాలి.

మరి నెట్ లేదని ఫోన్‌కు ఎలా తెలుస్తుంది? వైఫైకి కలిసిన వెంటనే ఆండ్రాయిడ్ ఫోన్ గూగుల్ సర్వర్‌కు ఒక చిన్న పలకరింపు పంపుతుంది. అటు నుంచి '204' అనే ఖాళీ జవాబు రావాలి. వస్తే అంతా బాగున్నట్టు, రాకపోతే ఆశ్చర్యార్థకం పెడుతుంది. ఐఫోన్ కూడా ఇలాగే యాపిల్ సర్వర్‌ను అడిగి చూసుకుంటుంది. అంటే ఆ గుర్తు ఫోన్ పాడైందని చెప్పడం లేదు. పలకరిస్తే జవాబు రాలేదని మాత్రమే చెబుతోంది.

మొదటి పరీక్ష: ఇంట్లో రెండో ఫోన్

ఏ సెట్టింగూ ముట్టుకోకముందే ఇంట్లో ఇంకొకరి ఫోన్‌ను అదే వైఫైకి కలిపి చూడండి. ఆ ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి చూడాలి, లేదంటే సిమ్ నెట్‌తో నడుస్తున్నా వైఫైతో నడుస్తోందని పొరబడతాం. టీవీ వైఫైతో నడిచేదైతే అదీ చూడొచ్చు.

రెండో ఫోన్‌లో నెట్ వస్తే లోపం మొదటి ఫోన్‌లోనే ఉంది. ఎందులోనూ రాకపోతే లోపం బాక్సులోనో, దాని అవతలో ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం దారి తేలిపోతుంది. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసినా అతను అడిగే మొదటి ప్రశ్న ఇదే.

ఏ ఫోన్‌లోనూ రాకపోతే: బాక్సు మీద లైట్లు చూడండి

ఫైబర్ కనెక్షన్ బాక్సు మీద పవర్, పాన్, ఎల్‌ఓఎస్, ఇంటర్నెట్, వైఫై అని చిన్న లైట్లు ఉంటాయి. కంపెనీని బట్టి పేర్లు కాస్త మారినా అర్థం ఒక్కటే.

ఎల్‌ఓఎస్ ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్ తీగలో రావాల్సిన వెలుగు బాక్సు దాకా రావడం లేదని అర్థం. తీగ తెగి ఉండొచ్చు, మరీ వంగి ఉండొచ్చు, లేదా ఆపరేటర్ దగ్గరే యంత్రం ఆగి ఉండొచ్చు. ఇది ఇంట్లో రీసెట్‌లతో బాగయ్యేది కాదు. బీరువా వెనక తీగ నలిగిందేమో, పిల్లలు లాగారేమో చూడండి. ఫైబర్ తీగ లోపల ఉండేది సన్నని గాజు పోగు. మడత పడితే వెలుగు బయటికి జారిపోతుంది. తీగ చివరను మాత్రం కంటికి ఎదురుగా పెట్టి చూడొద్దు. అందులోని లేజర్ కంటికి కనిపించదు, కానీ హాని చేయగలదు.

పాన్ లైటు ఆగకుండా మిణుకుమంటుంటే బాక్సు ఆపరేటర్ యంత్రంతో కలవడానికి ప్రయత్నిస్తోందని అర్థం. పాన్ నిలకడగా వెలుగుతూ ఇంటర్నెట్ లైటు మాత్రం ఆరిపోయి గానీ ఎర్రగా గానీ ఉంటే తీగ బాగానే ఉంది, లాగిన్ జరగలేదు. నెలవారీ రీచార్జి గడువు అయిపోయిందేమో చూడండి. చాలా ఇళ్లలో అసలు కారణం ఇదే అవుతుంది. బిల్లు కట్టే ఉంటే లోపం ఆపరేటర్ వైపు ఉండొచ్చు.

లైట్లన్నీ మామూలుగా ఉన్నా నెట్ రాకపోతే బాక్సు స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి మళ్లీ వేయండి. పూర్తిగా లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, తొందరపడొద్దు. ఫైబర్ బాక్సు, రూటర్ వేర్వేరుగా ఉంటే ముందు ఫైబర్ బాక్సు వేసి, అది కుదుటపడ్డాక రూటర్ వేయాలి. పిన్నుతో చేసే రీసెట్ జోలికి మాత్రం వెళ్లొద్దు. చాలా కనెక్షన్లలో ఆపరేటర్ పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఆ బాక్సులోనే ఉంటాయి. రీసెట్‌తో అవి చెరిగిపోతే ఆపరేటర్ మళ్లీ పెట్టేదాకా నెట్ రాదు.

డెల్టాలో తీగ ఎందుకు తెగుతుంది?

ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ ఫైబర్ అన్న మాట ఏపీ ఫైబర్‌నెట్‌తో ఊళ్లలోకి బాగా వెళ్లింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. ప్యాకేజీలు నెలకు రూ.149 నుంచి మొదలయ్యాయి. ఖర్చు తగ్గాలని తీగను భూమిలో పాతకుండా ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. ఇతర కంపెనీల తీగలు కూడా చాలా వీధుల్లో ఇలా స్తంభాల మీదే వేలాడుతుంటాయి.

అందుకే గాలివాన వచ్చి కొమ్మ విరిగిపడినా, గడ్డి లోడుతో వెళ్లే ట్రాక్టర్ తగులుకున్నా తీగ తెగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద సింగ్‌నగర్ వైపు ఇళ్లను ముంచినప్పుడు కరెంటుతో పాటు ఫోన్, నెట్ కూడా లేక జనం ఎంత అల్లాడారో బెజవాడ వాళ్లకు చెప్పక్కర్లేదు.

కరెంటు పోయినప్పుడు ఇంకో తిరకాసు ఉంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే బాక్సు వెలుగుతూనే ఉంటుంది, ఫోన్‌లో వైఫై గుర్తూ ఉంటుంది. కానీ ఆపరేటర్ దగ్గర యంత్రానికి బ్యాకప్ అయిపోతే ఎల్‌ఓఎస్ ఎర్రబడుతుంది. అలాంటప్పుడు రూటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. పక్కింట్లో అదే కంపెనీ నెట్ వస్తోందో లేదో అడిగితే సరిపోతుంది.

ఒక్క ఫోన్‌లోనే రాకపోతే: ఈ వరుసలో చేయండి

1. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, పది సెకన్లు ఆగి తీయండి. కుదరకపోతే ఫోన్ రీస్టార్ట్ చేయండి.

2. తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి చాలా రోజులు పక్కన పడేసిన పాత ఫోన్లలో తేదీ మారిపోతుంటుంది. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు గడువు తేదీలుంటాయి. ఫోన్ తేదీ తప్పయితే అవి చెల్లవనుకుని సైట్లు తెరుచుకోవు. 'ఆటోమేటిక్' అని పెడితే చాలు.

3. వీపీఎన్, యాడ్ బ్లాకర్ లాంటి యాప్‌లు ఉంటే ఆపండి. గేమ్ కోసమో, సినిమా కోసమో పిల్లలు వేసినవి పెద్దవాళ్లకు తెలియకపోవచ్చు. ఆండ్రాయిడ్ 9 నుంచి 'ప్రైవేట్ డీఎన్ఎస్' అనే సెట్టింగ్ వచ్చింది. డీఎన్ఎస్ అంటే వెబ్‌సైట్ పేరు చెబితే దాని నంబరు చెప్పే డైరెక్టరీ లాంటిది. అక్కడ తప్పు పేరు పడితే ఏదీ తెరుచుకోదు. దాన్ని 'ఆటోమేటిక్'లో ఉంచండి.

4. వైఫై పేరు మీద నొక్కి 'ఫర్గెట్' చేసి, పాస్‌వర్డ్ కొట్టి మళ్లీ కలపండి. దీంతో ఫోన్ రూటర్ నుంచి కొత్త అడ్రస్ తీసుకుంటుంది. ఇళ్లలో ఈ అడ్రస్ ఎక్కువగా 192.168తో మొదలవుతుంది. 169.254తో మొదలైతే రూటర్ అడ్రస్ ఇవ్వలేదని, ఫోన్ తనే ఏదో పెట్టుకుందని అర్థం. ఐపీ సెట్టింగ్ 'స్టాటిక్'లో ఉంటే 'డీహెచ్‌సీపీ'కి మార్చండి.

5. ఇవేవీ కుదరకపోతే 'రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్' అనేది ఉంది. దీంతో వైఫై పాస్‌వర్డ్‌లు, బ్లూటూత్ జతలు లాంటి నెట్‌వర్క్ సెట్టింగ్‌లు పోతాయి. ఫొటోలు, మెసేజ్‌లు ఎక్కడికీ పోవు. ఫ్యాక్టరీ రీసెట్ దీనికి పూర్తిగా వేరు. అది ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది. బ్యాకప్ లేకపోతే చనిపోయిన పెద్దల ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు మళ్లీ దొరకవు. నెట్ రాలేదని ఆ పని చేయాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు.

హాట్‌స్పాట్, హాస్టల్, రైల్వేస్టేషన్

ఇంట్లో ఒకరి ఫోన్ హాట్‌స్పాట్‌తో మిగతావాళ్లు వాడుకుంటున్నప్పుడు 'నో ఇంటర్నెట్' వస్తే ముందు ఆ ఫోన్ డేటా చూడండి. రోజువారీ డేటా అయిపోతే హాట్‌స్పాట్ గుర్తు అలాగే ఉంటుంది, నెట్ మాత్రం దాదాపు ఆగిపోతుంది.

కాలేజీ హాస్టళ్లలో కొన్నిచోట్ల ముందుగా నమోదు చేసుకున్న ఫోన్లకే నెట్ ఇస్తారు. ఆండ్రాయిడ్ 10, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు గుర్తింపు నంబరు దాచి, వైఫైకి మారు నంబరు చూపిస్తున్నాయి. దాంతో నమోదైన ఫోన్ కూడా కొత్తదిగా కనిపిస్తుంది. ఆ ఒక్క వైఫై సెట్టింగ్‌లో 'ఫోన్ మ్యాక్' ఎంచుకుంటే సరిపోతుంది.

విజయవాడ రైల్వేస్టేషన్‌లో ఉచిత వైఫై 2016లో వచ్చింది. అక్కడ వైఫైకి కలవగానే నెట్ రాదు. తెరుచుకునే పేజీలో ఫోన్ నంబరు కొట్టి ఓటీపీ ఇచ్చాకే వస్తుంది. పేజీ రాకపోతే వీపీఎన్ ఆపి, నోటిఫికేషన్లలో 'సైన్ ఇన్' అన్నది నొక్కండి. ఇలాంటి వైఫైల మీద బ్యాంకు పనులు పెట్టుకోకపోవడం మేలు.

నెట్ ఉంది, దుబాయ్ కాల్ మాత్రం వెళ్లట్లేదా?

గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లకు ఇది ముఖ్యం. మెసేజ్‌లు వెళ్తున్నాయి, ఫొటోలు వెళ్తున్నాయి, వాట్సాప్ కాల్ మాత్రం కలవడం లేదంటే రూటర్‌ను అనుమానించొద్దు. దుబాయ్, షార్జా, అబుదాబి ఉన్న యూఏఈలో వాట్సాప్ వాయిస్, వీడియో కాల్స్ మీద ఆంక్షలున్నాయి. అందుకే అక్కడివాళ్లు బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లు వాడతారు. ఇక్కడ అమ్మీ ఫోన్‌లో ఎన్ని సెట్టింగ్‌లు మార్చినా ఆ కాల్ కలవదు.

ఫిర్యాదు ఎలా చేయాలి?

ఆపరేటర్‌కు నోటి మాటగా చెప్పి ఊరుకోవద్దు. కంపెనీ యాప్‌లో గానీ, కస్టమర్ కేర్‌లో గానీ ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు రాసుకోండి. ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉందా, ఎప్పటి నుంచి రావట్లేదు అన్నది చెబితే పని తొందరగా అవుతుంది. బాక్సు లైట్ల ఫొటో తీసి పంపితే ఇంకా మంచిది. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ నిబంధనల ప్రకారం ఫిక్స్‌డ్ లైన్ లోపాన్ని మూడు రోజులు దాటాక బాగు చేస్తే పోస్ట్‌పెయిడ్, ప్రీపెయిడ్ కస్టమర్లిద్దరికీ పరిహారం ఇవ్వాలి. డాకెట్ నంబరు లేకపోతే ఎన్ని రోజులు నెట్ లేదో చూపించడం కష్టం. జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీలు అథారిటీకి వెళ్లొచ్చు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం: నకిలీ కస్టమర్ కేర్

నెట్ రాని మనిషి కంగారే మోసగాళ్లకు పెట్టుబడి. కంపెనీల పేరుతో నకిలీ నంబర్లు నెట్‌లో పెట్టి ఎదురుచూస్తుంటారు. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడి 'ఈ యాప్ వేసుకోండి సార్, ఇక్కడి నుంచే బాగుచేస్తాం' అంటారు. అది మన స్క్రీన్ వాళ్లకు చూపించే యాప్. తర్వాత 'పది రూపాయలు కట్టి రీయాక్టివేట్ చేసుకోండి' అంటారు. అక్కడ కొట్టిన పిన్, వచ్చిన ఓటీపీ వాళ్ల కళ్లముందే ఉంటాయి.

అందుకే కస్టమర్ కేర్ నంబరు బిల్లు మీద నుంచో, కంపెనీ సొంత యాప్ నుంచో మాత్రమే తీసుకోండి. వైఫై బాగుచేయడానికి ఓటీపీ గానీ, యూపీఐ పిన్ గానీ ఎవరికీ చెప్పక్కర్లేదు. వాట్సాప్‌లో పంపే యాప్ ఫైల్ వేసుకోవద్దు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంట్లో నెట్ పనులన్నీ చూసే అబ్బాయో, అమ్మాయో కాలేజీకి వెళ్లినప్పుడే ఇవన్నీ జరుగుతుంటాయి. అందుకని ఒక కాగితం మీద ఆపరేటర్ నంబరు, కస్టమర్ ఐడీ, రీచార్జి తేదీ రాసి బాక్సు పక్కన అంటించండి. దాని కింద పెద్ద అక్షరాలతో ఇంకో మాట రాయండి: 'ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయాలి.'