ముద్ద దిగడం లేదా? మిగతా జబ్బులు కూడా చెప్పండి



మన అనంతపురం ప్రాంతంలో సంగటిని నమిలి తినేవారు తక్కువ. ముద్దను పప్పులోనో ఊరిబిండిలోనో అద్ది మింగేస్తాం. ఆ ముద్ద గొంతు దాటి రొమ్ము మధ్యలో ఆగిపోతే? ప్రతి ముద్దకూ నీళ్లు తాగితేగాని దిగకపోతే? అలాంటివారు పెళ్లి పందిట్లోనూ, ప్రేమవిందులోనూ అందరికంటే చివర లేస్తారు. "వీడు చిన్నప్పటినుంచీ నిదానంగానే తింటాడు" అని ఇంట్లోవారు సర్దుకుపోతారు. అంగట్లో గ్యాస్ బిళ్లలు కొని ఏళ్లు గడిపేస్తారు. ఆ ఇబ్బంది వెనుక ఉండగల ఒక జబ్బును గురించి, దానికి తోడుగా రాగల మరికొన్నింటిని గురించి ఈసారి తెలుసుకుందాం.

ఇస్నోఫీలియా వేరు, ఇది వేరు

రక్తపరీక్ష కాగితం చూసి "నాకు ఇస్నోఫీలియా ఉంది" అనేవారు మనలో చాలామంది. ఇయోసినోఫిల్ అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకం. కడుపులో పురుగులున్నా, అలర్జీ ఉన్నా ఇవి రక్తంలో పెరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్న అన్నవాహిక గోడలో మాత్రం ఇవి ఉండవు. అక్కడ గుంపుగా చేరి వాపు తెస్తే ఆ జబ్బును ఇయోసినోఫిలిక్ ఈసోఫేజైటిస్ అంటారు. వైద్యులు దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించింది 1990వ దశకం మొదట్లోనే. ఆడవారిలో కంటే మగవారిలో సుమారు మూడు రెట్లు ఎక్కువ.

చిన్నపిల్లల్లో వాంతులు, అన్నం వద్దని మారాం చేయడం, బరువు పెరగకపోవడం కనిపిస్తాయి. పెద్దల్లో గట్టి పదార్థాలు అడ్డుపడతాయి. ఏళ్ల తరబడి వదిలేస్తే అన్నవాహిక గట్టిపడి సన్నబడుతుంది. రక్తంలో లెక్క మామూలుగా ఉన్నా ఈ జబ్బు ఉండవచ్చు. అందుకే ఎండోస్కోపీ చేసి, వేర్వేరు చోట్ల నుంచి కనీసం 6 చిన్న ముక్కలు తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఒక్క హై పవర్ ఫీల్డులో ఈ కణాలు 15 గాని అంతకు మించి గాని ఉంటే అనుమానం బలపడుతుంది. వెల్లూరు సీఎంసీ, బెంగళూరు సెయింట్ జాన్స్ వంటి పెద్ద ఆసుపత్రులలో ఇలాంటి పరీక్షలు చేసే విభాగాలున్నాయి.

కంచె చేను మేసినప్పుడు

మన రోగనిరోధక శక్తి చేనికి కంచె వంటిది. తిండి, దుమ్ము వంటి హాని చేయనివాటిని కూడా అది శత్రువులనుకుంటే అలర్జీ అంటాం. కంచె చేనునే మేసినట్లు మన శరీరం మీదనే తిరగబడితే ఆటోఇమ్యూన్ జబ్బు అంటాం. ఇయోసినోఫిలిక్ ఈసోఫేజైటిస్ ప్రధానంగా మొదటి కోవకు చెందినది. అందుకే ఉబ్బసం, తుమ్ములు, గజ్జివంటి ఎగ్జిమా తరచుగా దీని వెంట ఉంటాయి.

అయితే పాశ్చాత్య దేశాల్లో రోగుల రికార్డులను పరిశీలించినప్పుడు సీలియాక్, క్రోన్స్, కీళ్లవాతం, థైరాయిడ్ వాపు వంటి రెండో కోవ జబ్బులు కూడా వీరిలో ఇతరులకంటే ఎక్కువగా కనిపించాయి. అంటే ఒకటి మరొకదాన్ని పుట్టిస్తుందని కాదు. చాలామందికి అవి రానే రావు. కానీ కొందరికి వస్తాయి కాబట్టి అడగడం, చెప్పడం అవసరం.

చెప్పకపోతే నష్టమేమిటి?

సీలియాక్ ఉన్నవారికి గోధుమలోని గ్లూటెన్ పడదు. రాగి, జొన్న, కొర్ర, వరి అన్నంలో అది లేదు కనుక మన పాత తిండి వారికి మేలే. కానీ పరీక్షకు ముందే గోధుమ మానకండి. మానితే జబ్బు ఉన్నా పరీక్షలో లేనట్లు రావచ్చు. గోధుమ మానినంత మాత్రాన అన్నవాహిక వాపు కూడా తగ్గుతుందన్న నమ్మకం లేదు. దాన్ని విడిగా చూడాలి.

చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా వల్ల కూడా మింగడం కష్టమవుతుంది. కీళ్లవాతానికి వాడే నొప్పి బిళ్లలు సన్నబడిన అన్నవాహికలో అంటుకొని పుండు చేయగలవు. బిళ్ల వేసుకుంటే నిండు గ్లాసు నీళ్లు తాగి, అరగంట కూర్చోండి.

ఇక్కడ ఒక తెలుగువారిని తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల నుంచే బోదకాలుకూ, ఒక రకం ఇస్నోఫీలియాకూ వాడే డైఇథైల్ కార్బమజీన్ వచ్చింది. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మూలాలు కూడా అక్కడే. ఈ రెండూ మంచి మందులే గాని, ముద్ద దిగని ఈ జబ్బుకు వాడేవి కావు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

చికిత్స ఉంది

ఆమ్లం తగ్గించే మందులు కొందరికి చాలు. కొందరికి ఉబ్బసం మందు వంటి స్టీరాయిడ్‌ను పీల్చకుండా మింగేలా ఇస్తారు. తర్వాత నోరు పుక్కిలించి, అరగంట ఏమీ తినకూడదు. సన్నబడినచోట బెలూనుతో వెడల్పు చేస్తారు. డుపిలుమాబ్ అనే సూదిమందుకు 2022లో అమెరికా అనుమతి ఇచ్చింది.

పాలు, గోధుమ, గుడ్లు, సోయా, చెనిక్కాయలు మొదలైన గింజలు, చేపలు: వీటిలో ఏదో ఒకటి కారణం కావచ్చు. కానీ అన్నింటినీ మీ అంతట మీరు మానకండి. వానలు లేని ఏట బిడ్డకు బలమిచ్చేవి ఆ పాలు, గుడ్లు, చెనిక్కాయలే. వైద్యుల సలహాతో వరుసగా మాని, మళ్లీ చేర్చి చూడాలి.

ముద్ద అడ్డుపడి లాలాజలం కూడా మింగలేకపోతే వెంటనే ఆసుపత్రికి రండి. అరటిపండుతోనో అన్నం ఉండతోనో నెట్టవద్దు.

చివరిగా ఒక్క మాట. కీళ్లకు ఒక డాక్టరు, చర్మానికి ఒకరు, గ్యాసుకు మరొకరు అని తిరిగేవారు ఆ కాగితాలన్నీ ఒకే సంచిలో వేసుకొని రండి. "ఇది గొంతుకు సంబంధించింది కాదులే" అని ఏదీ దాచకండి. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి తప్పూ కాదు. మీరు చెబితేనే మాకు తెలుస్తుంది.